మాసిపోని గ్లౌజు

మా ఇంటి గేటుకు కొన్ని వారాల పాటు ఒక పలక వేలాడింది. దాని మీద మా వారి గుండ్రటి చేతిరాతలో "దయచేసి ఈ ఇంట్లో ఎవరికీ సాయం చేయవద్దు" అని ఉండేది. గోదావరి డెల్టా మొత్తం గాలించినా అలాంటి బోర్డు పెట్టిన ఇల్లు ఇంకొకటి దొరకదు. కుక్క ఉన్నది జాగ్రత్త అని పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనుకోరు. సాయం చేయవద్దు అనేసరికి మాత్రం వీధి వీధంతా నొచ్చుకుంది. ఆ పలక ఎందుకు కట్టాల్సి వచ్చిందో చెప్పాలంటే ముందు నా కుడి చెయ్యి సంగతి చెప్పాలి.

నేను ముప్పై రెండేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాది రావులపాలెం నుంచి కాలువ గట్టు వెంట ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఊరు. ఆదివారాలు మా లూథరన్ చర్చిలో హార్మోనియం వాయించేదాన్ని. పెళ్లయి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆ పెట్టె ముందు కూర్చున్నాను, మళ్లీ ఎవరినీ కూర్చోనివ్వలేదు. లెక్కలు నా ఉద్యోగం, హార్మోనియం నా పొగరు. ఈ మాట మా వారిది. నేను కాదనను.

ఒక రోజు పొద్దున్నే జడ వేసుకుంటుంటే దువ్వెన చేతిలోంచి జారి పడింది. తీసుకుందామని చూస్తే చెయ్యి మాట వినలేదు. మా వారు పేపరు మీంచి తలెత్తి, "నీ మూతి వంకర పోతోందేంటే?" అన్నారు. ఏదో వెక్కిరిస్తున్నారనుకుని నాలుగు దులుపుదామని నోరు తెరిస్తే మాట ముద్దగా వచ్చింది. నేను తిట్టబోయి తిట్టలేకపోవడం ఆయన తన జీవితంలో మొదటిసారి చూశారు. వెంటనే కారు మాట్లాడి రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. పక్షవాతం అన్నారు. వేళకు తెచ్చారు కాబట్టి సరిపోయిందన్నారు.

కాలు నెల రోజుల్లో దారికొచ్చింది. మాట దానికంటే ముందే వచ్చేసింది, మా వారు దానికీ సంతోషించారు పాపం. కుడి చెయ్యి మాత్రం మొండికేసింది. భుజం లేచేది, మోచెయ్యి ఓపిక చేసుకుని వంగేది, వేళ్లు సగం తెరుచుకుని అక్కడే ఆగిపోయేవి. అన్నం ఎడమ చేత్తో స్పూనుతో తినేదాన్ని. ఆ తినడం నలుగురిలో తినలేక పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లడం మానేశాను.

ఇంటికొచ్చిన రెండో నెలలో పాస్టరు గారూ కమిటీ వాళ్లూ కమలాపళ్లు పట్టుకుని వచ్చారు. ప్రార్థన చేశారు, కాఫీ తాగారు, అసలు మాట చివరికి దాచుకున్నారు.

"మీరు హాయిగా విశ్రాంతి తీసుకోండి టీచర్ గారూ. పాటల సంగతి మాకు వదిలేయండి. కీబోర్డు ఒకటి కొన్నాం. బ్యాంకులో పనిచేసే మన అబ్బాయి వాయిస్తున్నాడు" అన్నారు పాస్టరు గారు. "హార్మోనియం ఊరికే మూల పడుంటే ఎలుకలు కొరికేస్తాయి కదండీ. పోలవరం ముంపు వాళ్లకి కట్టిన కాలనీలో మన వాళ్లు కొత్తగా ప్రార్థన మొదలుపెట్టారు. వాళ్లకి ఏ వాయిద్యమూ లేదు. మన చర్చి కోత పండుగ అయ్యాక దాన్ని అక్కడికి పంపుదామనుకుంటున్నాం. మీకేం అభ్యంతరం లేదు కదండీ?"

"అయ్యో, అభ్యంతరం ఏముందండీ! మంచి పనే కదా" అన్నాను నవ్వుతూ.

వాళ్లు గేటు దాటారో లేదో కమలాపండు ఒకటి తీసి గోడకేసి కొట్టాను. అదీ ఎడమ చేత్తోనే. ఆ కీబోర్డుకు మీట నొక్కితే దానంతట అదే డోలు కొట్టుకుంటుందట. అలాంటి దానికి నా చోటు ఇచ్చేశారా అని ఒళ్లు మండింది. ఆ కాలనీ వాళ్ల మీద నాకు కోపం లేదు, ఊళ్లు వదిలి వచ్చిన వాళ్లకి పాట ఉండాలి. కానీ నా హార్మోనియం పోతే నా చెయ్యి ఇక ఎప్పటికీ రాదని ఊరు తేల్చేసినట్టే అనిపించింది. కోత పండుగ లోపు ఒక్క పాటైనా వాయించాలి, లేదంటే పెట్టె కాలనీకి పోతుంది. ఆ రోజు నుంచి నాకు వేరే ధ్యాస లేదు.

అలాంటి సమయంలో వచ్చింది రీసెర్చ్ అమ్మాయి. రాజమండ్రిలో ఫిజియోథెరపీ పై చదువు చదువుతోంది. పక్షవాతం వచ్చి చెయ్యి సరిగా కదలని వాళ్ల మీద పరిశోధన చేస్తోంది. ఆసుపత్రిలో నా పేరు చూసి, ఫోను చేసి, ఒప్పించి వచ్చింది. సన్నగా, కళ్లద్దాలతో, భుజాన ఒక పెద్ద సంచీతో ఉండేది. సంచీలో నడుమ అడ్డు ఉన్న చెక్క పెట్టె, దాన్నిండా చిన్న చిన్న చెక్క దిమ్మలు. ఒక నిమిషంలో కుడి చేత్తో ఎన్ని దిమ్మలు అడ్డు దాటించి అవతల వేస్తామో లెక్కపెట్టడం పరీక్ష. నేను ఏడు దాటించాను. అదే ఎడమ చేత్తో అయితే ఆ అమ్మాయి నోటితో లెక్కపెట్టలేకపోయింది.

తరవాత రెండు మూసిన కవర్లు నా ముందు పెట్టి ఒకటి తీయమంది. ఒక కవరు వాళ్లకు మామూలు వ్యాయామాలు, రెండో కవరు వాళ్లకు వ్యాయామాలతో పాటు గ్లౌజు. నాకు గ్లౌజు వచ్చింది. తెల్లటి మందపు బట్టతో కుట్టింది, వేళ్లు లేకుండా సంచిలా ఉంది. తీరా దాన్ని ఆ అమ్మాయి నా మంచి చేతికి తొడిగింది.

"అదేంటమ్మా, రోగం కుడి చేతికి కదా!" అన్నాను.

"అందుకేనండి. కుడి చెయ్యి చచ్చిపోలేదండి, అలవాటు తప్పింది. పనులన్నీ ఎడమ చెయ్యి చేసేస్తుంటే దానికి ఇక అవసరమే రావట్లేదు. ఎడమ చెయ్యి ఊరుకుంటే కుడి చెయ్యి కదలక తప్పదు కదండీ."

ఇది నాకు వెంటనే అర్థమైంది. ప్రతి ప్రశ్నకీ ముందు బెంచీ పిల్ల లేచి జవాబు చెప్పేస్తుంటే వెనక బెంచీ పిల్ల నోరు విప్పదు. ముందు బెంచీ దాన్ని కాసేపు నోరు మూసుకోమనాలి. ఆ పని నేను ముప్పై రెండేళ్లు చేశాను.

రోజుకు ఆరు గంటలు గ్లౌజు ఉంచుకోవాలి. పొయ్యి దగ్గర, స్నానానికి వెళ్లేటప్పుడు, మెట్లు ఎక్కి దిగేటప్పుడు తీసేయాలి. ఎన్ని గంటలు ఉంచుకున్నామో చిన్న పుస్తకంలో రాయాలి. మొత్తం ఎనిమిది వారాలు. అంతా విని, "హార్మోనియం వాయించగలనా?" అని అడిగాను. అప్పటివరకు ఈ మాట ఎవరినడిగినా "తప్పకుండా వాయిస్తారండీ" అనేవారు, డాక్టరు దగ్గర్నుంచి పాలు పోసేవాడి దాకా.

"చెప్పలేనండి" అంది ఆ అమ్మాయి.

నాకు చిర్రెత్తింది. ఇంత దూరం వచ్చి ఈ మాట చెప్పడానికా అనుకున్నాను.

మొదటి రోజు గ్లౌజు వేసుకుని మంచినీళ్ల గ్లాసు వైపు కుడి చెయ్యి చాచాను. చెయ్యి సగం దూరం వెళ్లేలోపు మా వారు గ్లాసు అందించేశారు. పక్కింటి వదిన గారు వచ్చి నా చేతి తొడుగు చూసి గుండెలు బాదుకున్నారు. "అయ్యో వదిన గారూ, ఎడమ చేతికి కూడా వచ్చేసిందా అండీ!" అని. కాదండీ, ఇది వైద్యం అని చెబితే, "అదేం వైద్యమండీ, ఉన్న చెయ్యి కట్టేయడం?" అని, పప్పన్నం కలిపి ముద్దలు చేసి నా నోట్లో పెట్టేశారు. ఆవిడ పెట్టే ముద్దలో నెయ్యి ఎక్కువ. వద్దనడానికి నాకూ మనసొప్పలేదు.

వచ్చే వాళ్లు వస్తూనే ఉండేవారు. వచ్చిన వాళ్లకు ఆ సంచి చేత్తో నమస్కారం పెడితే ఏం బాగుంటుంది? తీసేసేదాన్ని. కాఫీ ఇవ్వాలి, తీసేసేదాన్ని. కాఫీ తాగిన వాళ్లు కదిలేలోపు ఇంకొకరు వచ్చేవారు. సాయంత్రం కూర్చుని లెక్క చూసుకుంటే గంట అయి ఉంటుంది, గంటన్నర మించదు. పుస్తకంలో మాత్రం ఆరు అని రాశాను. మా వారి చేత రాయించాను, ఆయన నా వైపు ఒకసారి చూసి రాసేశారు.

ఎందుకు రాశానంటే బద్ధకంతో కాదు, అది మాత్రం ఒట్టు. ఆ అమ్మాయి ప్రతి శనివారం రాజమండ్రిలో బస్సెక్కి, రావులపాలెంలో దిగి, ఆటో పట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చేది. వచ్చీ రాగానే చెప్పులు విడుస్తూనే, "ఆరు గంటలూ వేసుకుంటున్నారా అండీ?" అని ఆశగా అడిగేది. అంత దూరం వచ్చిన పిల్ల మొహం మీద లేదని ఎలా అంటాం? మా వైపు ఇంటికొచ్చిన మనిషిని అలా చిన్నబుచ్చడం తెలియదు. "వేసుకుంటున్నానమ్మా" అనేదాన్ని. ఆమె మొహం వెలిగిపోయేది. తరవాత భోజనం పెట్టేవాళ్లం. పరీక్ష పది నిమిషాలు పట్టేది, భోజనం గంట పట్టేది.

వారాలు గడిచాయి. దిమ్మలు ఏడు, మళ్లీ ఏడు, ఆ తరవాత ఎనిమిది.

నాలుగో శనివారం ఆ అమ్మాయి భోజనానికి లేవలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, గ్లౌజు చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పింది. కొత్తలో మడత పెట్టినప్పటి గీత ఇంకా దాని మీద అలాగే ఉంది. పాలలా తెల్లగా ఉంది.

"టీచర్ గారూ, ఒకటి అడగనా అండీ? రోజూ హోంవర్కు చేస్తున్నానని చెప్పి, తీరా చూస్తే నోటుబుక్కు కొత్తగా ఉన్న పిల్లల్ని మీరేం చేసేవారండీ?"

"గోడకుర్చీ వేయించేదాన్ని" అన్నాను అలవాటుగా.

అన్న తరవాత అర్థమైంది. మా వారికి అప్పటికప్పుడు దగ్గు వచ్చి, పెరట్లో మోటారు చూసొస్తానని వెళ్లిపోయారు. మోటారు ఆ రోజు వేయనే లేదు.

"మీరొక్కరే కాదండీ" అంది ఆ అమ్మాయి. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "గ్లౌజు వచ్చిన వాళ్లందరివీ ఆరు గంటలే. ఒక్కరికి ఒక్క రోజైనా తగ్గలేదండి. ఉప్పాడలో మగ్గం నేసే తాతగారైతే ఏడు రాశారు. ఎందుకండీ అంటే, నీకు సంతోషంగా ఉంటుంది కదమ్మా అన్నారు."

"నువ్వు బాధపడతావనే నేనూ రాశానమ్మా."

"నేను బాధపడితే ఏమవుతుందండీ? బస్సెక్కి ఇంటికెళ్లి అన్నం తిని పడుకుంటాను. కానీ ఈ పుస్తకాల్లో ఉన్నదే నా పరిశోధనలో రాసి ఇచ్చేశాననుకోండి. ఆరు గంటలు వేసుకున్నా ఈ గ్లౌజు వల్ల లాభం లేదని తేలుతుంది. రేపు ఇంకెక్కడో ఒక డాక్టరు గారు అది చదివి, మీలాంటి ఇంకో ఆవిడకి ఇది వద్దంటారు. ఆవిడకి ఇది పనిచేసేదేమో ఎవరికీ తెలియదండి."

నాకు సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, చెవులు వేడెక్కిపోయాయి. కాపీ కొట్టిన పిల్లల్ని వరండాలో నిలబెట్టిన మనిషిని నేను. లెక్కల టీచర్ని అయ్యుండి తప్పుడు లెక్క రాయించాను, అదీ మర్యాద కోసం. ఎప్పుడూ చూడని ఇంకో ఆడమనిషి చెయ్యి నా పుస్తకంలో ఉందని అప్పటిదాకా నాకు తోచనే లేదు.

మా వారిని పెరట్లోంచి పిలిచి పుస్తకం ఇచ్చి పాతవి కొట్టేయమన్నాను. ఆ అమ్మాయి ఒప్పుకోలేదు. రాసింది అలాగే ఉంచి, పక్కన నిజం రాయాలట. గుర్తులేని రోజుకు గుర్తులేదు అనే రాయాలట. కూర్చుని రాయించాను. గంట, గంటన్నర, అసలు లేదు, గుర్తులేదు. అలా రాయించడం దిమ్మలు దాటించడం కంటే కష్టమైంది. ఆ మూడు వారాలూ జరిగింది జరిగినట్టే చూపిస్తానని, మిగిలిన వారాలు సరిగ్గా నడిపిద్దామని ఆ అమ్మాయి అంది.

"అయినా నువ్వు అడగడంలో కూడా తప్పుందమ్మా" అన్నాను. ఓడిపోయాక ఊరుకోవడం నాకు చేతకాదు. "హోంవర్కు చేశారా అని అడిగితే తరగతంతా చేశామనే అంటుంది. ఎక్కడ ఆగిపోయారు అని అడగాలి. అప్పుడు చెప్తారు."

ఆ అమ్మాయి కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ మాట రాసుకుంది. తరవాతి వారం కొత్త పుస్తకం తెచ్చింది. వాళ్ల ప్రొఫెసరు గారిని అడిగి, గంటల గడి పక్కన ఇంకో గడి పెట్టించిందట. "ఈ రోజు గ్లౌజు ఎన్నిసార్లు, ఎందుకు తీయాల్సి వచ్చింది?" అని. మా వాళ్లకు ఖాళీ గడి వదిలేయడం కూడా మర్యాద కాదు. అడిగారు కాబట్టి అందరూ పేజీలకు పేజీలు రాశారు. బావగారు వచ్చారు, కాఫీ ఇవ్వాలి. పూజారి గారు ప్రసాదం పెట్టారు. ఆదివారం కానుక వేయాలి. ఉప్పాడ తాతగారు అసలు గ్లౌజు ఎక్కడుందో కనబడలేదని రాశారట. అవి చదివి వినిపిస్తూ ఆ అమ్మాయి నవ్వి నవ్వి పొలమారింది.

నా గడి నిండా వచ్చిన వాళ్ల సాయాలే కనిపించడంతో మా వారు గేటుకు పలక కట్టింది ఆ వారమే. వదిన గారు దాన్ని చదివి రెండు రోజులు మా గడప తొక్కలేదు. ఆవిడ వంటింటి కిటికీ మా కిటికీకి ఎదురు. అది కూడా మూసుకున్నారు. మూడో రోజు చేటలో చిక్కుడుకాయలు పోసుకుని వచ్చి నా ముందు ఠక్కున పెట్టారు.

"సాయం చేయొద్దని రాశారు గానీ, చేయించుకోవద్దని రాయలేదు కదండీ. ఇవి వలిచి పెట్టండి వదిన గారూ. తొందరేం లేదు, రేపటి కూరకి."

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆవిడ కొంగుతో నా కళ్లు తుడవబోయి, పలక గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. నేనే తుడుచుకున్నాను, కుడి చేతి వెనక వైపుతో.

ఇక చూసుకోండి. ఒక ఇంటి నుంచి చింతపండు గింజలు తీయమని వచ్చింది, ఇంకో ఇంటి నుంచి వెల్లుల్లిపాయలు. "మీ చెయ్యి కోసమేనండీ" అని మొహమాటపడుతూ అరుగు మీద పెట్టి వెళ్లేవారు. కొందరు పొద్దున పెట్టి మధ్యాహ్నానికే వలిచారా అని చూసిపోయేవారు, అది మాత్రం నా చెయ్యి కోసం కాదని నాకు తెలుసు. ఆ చలికాలం మా వీధిలో ఏ ఇంట్లో చిక్కుడుకాయ కూర వండినా అందులో నా గోటి గుర్తు ఉండేది.

అన్నం కుడి చేత్తో తినడం వేరే యుద్ధం. ముద్ద కంచంలోంచి లేచేది, నోటి దాకా వచ్చేది కాదు. మా వారిని చూడొద్దన్నాను. ఆయన గోడ వైపు తిరిగి కూర్చుని తినేవారు. "నోట్లోకి వెళ్లిందా?" అని గోడనే అడిగేవారు. మొదటి ముద్ద వెళ్లిన రోజున నేను చెప్పలేదు, రెండో ముద్ద కలుపుకుంటున్నాను. ఆయనే అనుమానమొచ్చి తిరిగి చూశారు. నా ఒళ్లో సగం అన్నం ఉంది, నోట్లో సగం ఉంది. అందరం బాగున్నాం.

హార్మోనియాన్ని కూడా ఇంటికి తెప్పించాను. "ఎలుకలు కొరుకుతాయన్నారు కదండీ, పండుగ దాకా మా ఇంట్లో ఉంచుతాను" అన్నాను పాస్టరు గారితో. పెట్టె వచ్చాక చిక్కు తెలిసింది. మెట్లు నొక్కడానికి కుడి చెయ్యి ఉంది. వెనక తిత్తి ఊపి గాలి పెట్టాల్సిన ఎడమ చెయ్యి గ్లౌజులో ఉంది. ఎడమ చెయ్యి ఏ పనీ చేయకూడదని కదా ఒప్పందం.

"నేను పెడతాను గాలి" అన్నారు మా వారు.

మా వారు కాలువ లాకుల దగ్గర ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు చక్రం తిప్పి తలుపులు ఎత్తడం, దించడం తప్ప ఆయనకు వేరే తాళం తెలియదు. తిత్తి కూడా అలాగే వేసేవారు. ముందు మొత్తం మూసేసి, తరవాత ఒక్కసారిగా వదిలేసేవారు. పాట మొదట్లో మూలిగి, మధ్యలో గావుకేక పెట్టేది.

"నీళ్లు వదులుతున్నారా ఏంటండీ!"

"నీ వేళ్లు లేటు. నా గాలి వేళకే వస్తోంది."

"గాలి నా వేలు చూసి రావాలి గానీ, వేలు గాలిని చూసి కాదు!"

ఇలా రోజూ గంటన్నర. వదిన గారు కిటికీ మళ్లీ మూసేసేవారు. చిటికెన వేలు, ఉంగరం వేలు అస్సలు వంగేవి కావు, వంగితే లేచేవి కావు. ఒక పాట ఎంచుకున్నాను, కానుకలు పట్టేటప్పుడు పాడేది, నిదానంగా నడిచేది. దాన్ని ఇంకా నిదానం చేశాను. మా వారు నా వేళ్ల మీద చూపు పెట్టి, వేలు లేచేలోపు ఊపిరి బిగబట్టుకుని, వేలు దిగగానే తిత్తి కొద్దిగా నొక్కడం నేర్చుకున్నారు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నా చేతుల వంక అంత శ్రద్ధగా ఎప్పుడూ చూడలేదు. అది ఆయనతో అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

దిమ్మలు పదకొండయ్యాయి, తరవాత పదహారు. ఆ పై వారం పదమూడుకు దిగాయి. ఇంకోసారి చేస్తానమ్మా, ఇందాక తుమ్మొచ్చింది అన్నాను. "ఇవాళ పదమూడేనండి" అని రాసేసుకుంది. ఆ రోజు భోజనంలో ఆ అమ్మాయికి మారు పెరుగు వేయలేదు. తను అడిగి వేయించుకుంది.

ఎనిమిది వారాలు అయిపోయాక గ్లౌజు తిరిగి ఇచ్చేశాను. పసుపు, చిక్కుడు పసరు, పప్పు మరకలు, హార్మోనియం దుమ్ము కలిసి అది ఏ రంగో చెప్పలేం. ఉతికి ఇస్తానంటే వద్దంది ఆ అమ్మాయి. ఆఖరి లెక్క ఇరవై రెండు. "అయితే గ్లౌజు పనిచేసినట్టేనా?" అని అడిగాను.

"మీ ఒక్కరిని బట్టి చెప్పలేనండి. రెండు కవర్ల వాళ్లనీ పక్కపక్కన పెట్టి చూడాలి."

ఈసారి నాకు చిర్రెత్తలేదు. లెక్క పూర్తికాకుండా జవాబు రాయని పిల్ల అంటే నాకు ఇష్టం. కోత పండుగకు రమ్మని పిలిచాను.

పండుగ రోజు చర్చి నిండా వరి కంకుల వాసన. బలిపీఠం ముందు అరటి గెలలు, గుమ్మడికాయలు, కొత్త బియ్యం మూటలు పెట్టారు. కానుకల పాట నాకు వదలమని ముందే అడిగాను. ఇప్పుడు గ్లౌజు లేదు, గాలి నేనే పెట్టుకోవచ్చు గానీ రెండు చేతులకూ ఒకేసారి రెండు పనులు చెప్పడం ఇంకా కుదరడం లేదు. పైగా మా వారు అప్పటికే చొక్కా ఇస్త్రీ చేయించుకుని, క్రాఫు దువ్వుకుని నా ఎదురుగా కూర్చున్నారు. కీబోర్డు అబ్బాయి లేచి నా పీట సర్దబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగిపోయాడు. పలక సంగతి చర్చి దాకా వచ్చిందన్నమాట.

వాయించాను. నా వేళ్ల కంటే పాట ముందుకు పోబోయి, నన్ను చూసి జనమంతా నెమ్మదించారు. అంత నిదానంగా ఆ పాట ఎవరూ ఎప్పుడూ పాడి ఉండరు. కానుకల సంచి రెండుసార్లు తిరిగొచ్చింది, పాట ఇంకా అవలేదు. మా వారి నుదుటి మీద చెమట కనిపించింది. నా చిటికెన వేలు చివరి చరణంలో తనంతట తను లేచి, తన మెట్టు మీద తను దిగింది. నేను చెప్పినట్టు కూడా గుర్తులేదు.

ఆరాధన అయ్యాక అందరూ చుట్టుముట్టారు. "ఏం తేడా లేదండీ, అప్పటిలాగే ఉంది!" "ఇంకా బాగుందండీ!" అంటున్నారు. వదిన గారు కూడా పండుగ చూడటానికి వచ్చి వెనక వరసలో కూర్చున్నారు, ఆవిడైతే రేడియోలో విన్నట్టే ఉందన్నారు. నేనూ అందరికీ దండాలు పెట్టాను, ఈసారి రెండు చేతులతో.

పాస్టరు గారు పక్కకు వచ్చి, "మరి, ఈ హార్మోనియం సంగతి..." అని నసిగారు.

"పంపొద్దండీ. నాకు కావాలి" అన్నాను. "అప్పుడు అభ్యంతరం లేదన్నాను కదండీ, అది అబద్ధం."

ఆయన పెద్దగా నవ్వారు. కాలనీకి కీబోర్డు వెళ్లింది. దాని డోలు అక్కడి వాళ్లకు తెగ నచ్చిందట, ప్రార్థనకు పిల్లలు ముందే వచ్చి కూర్చుంటున్నారట. కీబోర్డు అబ్బాయి ఇప్పుడు నా పక్కన కూర్చుని హార్మోనియం నేర్చుకుంటున్నాడు. చెయ్యి తొందర, గోడకుర్చీ వేయించే వయసు దాటిపోయాడు.

జనం పలచబడ్డాక రీసెర్చ్ అమ్మాయి వచ్చింది. ఒక మూల నిలబడి మొత్తం విన్నదట. చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, గొంతు తగ్గించి అంది.

"మూడు చోట్ల తప్పిందండీ, టీచర్ గారూ."

ఆ రోజు నాకు దక్కిన మెచ్చుకోళ్లన్నీ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. కళ్లు చెమర్చాయి. ఈ చెయ్యి ఎంతవరకు వచ్చిందో ఉన్నది ఉన్నట్టుగా ఒక మనిషి విన్నది, నేను తట్టుకోగలనని నమ్మి నాకు చెప్పింది.

"నాలుగు" అన్నాను. "రెండో చరణంలో ఒకటి మా వారి గాలి మింగేసింది. రాసుకో."

ఆ అమ్మాయి సంచిలోంచి పుస్తకం తీసి, అప్పటికే రాసుకున్న మూడు అలాగే ఉంచి, పక్కన నాలుగు అని రాసుకుంది.